మూడేళ్ల బిడ్డ మాట్లాడకపోతే ఎవరిని అడగాలి?



పీయూసీ ఫలితాలు వచ్చినప్పటి నుంచి నా గదికి వచ్చేవాళ్లంతా "ఇప్పుడేం చదివించాలి సార్?" అనే అడుగుతున్నారు. మొన్న మన పాత విద్యార్థిని తండ్రి వచ్చాడు. కూతురు కమ్యూనిటీ సైన్స్ చదువుతానంటోందట. "వంట నేర్చుకునేదానికి నాలుగేండ్లు యూనివర్సిటీకి పంపాల్నా సార్?" అన్నాడు. ఈ అనుమానం ఆయనొక్కడిదే కాదు కాబట్టి ఆయనకు చెప్పింది మీకూ చెబుతున్నాను.

ఒకప్పుడు దీన్ని హోమ్ సైన్స్ అనేవాళ్లం. భారత వ్యవసాయ పరిశోధన మండలి వేసిన ఐదో డీన్ల కమిటీ సిఫారసుతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఇది కమ్యూనిటీ సైన్స్ అయింది. ఆహారం, దుస్తులు, విస్తరణ వంటి వాటితో పాటు 'మానవ వికాసం, కుటుంబ అధ్యయనం' ఇందులో ఒక విభాగం. ఎమ్మెస్సీలో దాన్నే ప్రత్యేకంగా చదవొచ్చు. మనకు దగ్గరలో ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది. హైదరాబాద్ సైఫాబాద్ కాలేజీలోనూ, వడోదర మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. అన్నీ ప్రభుత్వానివే.

గర్భంలో బిడ్డ దగ్గర నుంచి ముసలితనం దాకా మనిషి ఎలా ఎదుగుతాడో ఇందులో చదువుతారు. బిడ్డకు మాట ఎప్పుడు రావాలి, రాకపోతే ఏం చూడాలి, కౌమారంలో కోపం ఎందుకొస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లను ఎలా చూసుకోవాలి, ఇవన్నీ పాఠాలే. కాలేజీకి అనుబంధంగా ఉండే శిశు విద్యాలయంలో పిల్లల మధ్య కూర్చుని నేర్చుకుంటారు.

ఇక వార్తల్లోకి వద్దాం. 2020 జాతీయ విద్యా విధానం చదువు పునాదిని మూడేళ్ల వయసుకు తెచ్చింది. మన రాష్ట్రం దాన్ని కాదని సొంత విధానం కోసం 2023లో కమిషన్ వేసింది. 2024లో కల్యాణ కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఎల్‌కేజీ, యూకేజీ పెట్టబోతే, 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీల గతి ఏమిటని కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. ఎక్కడ కూర్చోబెట్టాలన్నదాని మీదే వాదన నడిచింది. ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నది వెనక్కి పోయింది.

మనకు ముఖ్యమైనది అదే. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెబుతుంది. ఒకటో తరగతికి ముందున్న మూడేళ్ల మాట అందులో విడిగా లేదు. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో కన్నడం. బిడ్డ నోరు మెదపకపోతే మొద్దు అనేస్తారు. అలాంటి పేరుతో మన బడికి వచ్చి, వారం తిరక్కుండా గలగలా మాట్లాడినవాళ్లను చాలామందిని చూశాను.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కొన్నేళ్ల కింద ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు తెలుగులోనూ మాట్లాడలేదు. "భాష అలవాటు కాలేదు, నిదానంగా వస్తుంది" అని వాళ్లమ్మకు నేనే చెప్పాను. ఏడాది తరవాత తెలిసింది, వాడికి సరిగా వినబడదని. ఆ ఏడాది పోవడం నా తప్పే. బీఈడీ చదివిన నాకు పాఠం చెప్పడం తెలుసు గాని, భాష తేడాకూ ఎదుగుదలలో లోపానికీ తేడా పట్టే నేర్పు లేదు. ఆ నేర్పు ఉండి, తెలుగూ కన్నడమూ వచ్చిన మనిషి ఒక్కరున్నా ఆ బిడ్డను ముందే డాక్టరు దగ్గరికి పంపేవాళ్లం.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. శిశు సంక్షేమ శాఖ, పిల్లల రక్షణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, వృద్ధుల సేవ, కాలేజీ అధ్యాపకత్వం, ఇవీ దారులు. ప్రభుత్వ ప్రకటనలు ఏటా రావు. ప్రైవేటు శిశు పాఠశాలల్లో జీతం తక్కువ. ఈ డిగ్రీతోనే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు, ప్రభుత్వ బడిలో టీచరూ కాలేరు. వాటికి వేరే అర్హతలు కావాలి.

పిల్లలూ, ఇది ఆడపిల్లల చదువని మగపిల్లలు తప్పుకోవద్దు. పీయూసీలో సైన్స్ ఉండాలి. మన రాష్ట్రంలో ప్రవేశం కేసీఈటీ ద్వారా. బయటి వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కొన్ని సీట్లు సీయూఈటీ ద్వారా భర్తీ అవుతాయి. ఆ ఏటి ప్రకటన చదివాకే దరఖాస్తు చేయండి. చదువు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి మొదటి ఏడాది కష్టపడాలి. ఊళ్లలోకి, ఇళ్లలోకి వెళ్లే పని వచ్చినప్పుడు మాత్రం మీ రెండు భాషలే మీకు బలం.

ఆ తండ్రి అంతా విని, "అయితే ఒకసారి ధార్వాడకు పోయి చూసొస్తాం సార్" అన్నాడు. మీరూ ముందు వెళ్లి చూడండి, పిల్లతో మాట్లాడండి, తరవాతే తేల్చుకోండి.

ప్రధానోపాధ్యాయుడు