ఒక్క పాచికతో ఆడేవారి పక్షాన

1904లో అమెరికాలో ఎలిజబెత్ మాగీ ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంట్ పొందారు. భూమి కొద్దిమంది చేతుల్లో చేరితే మిగతావారి గతేమిటో ఆటలోనే చూపాలన్నది ఆమె ఆశయం. నేటి మోనోపలీకి అదే మూలం. శతాబ్దం దాటాక, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకుడు పాల్ పిఫ్ బృందం మోనోపలీని కావాలనే అన్యాయంగా ఆడించింది. నాణెం ఎగరేసి ఒకరికి రెట్టింపు డబ్బు, రెండు పాచికలు ఇచ్చారు. రెండోవారికి ఒకటే పాచిక. గెలిచినవారు తమ ఎత్తుల గురించి చెప్పుకున్నారు గానీ, కలిసొచ్చిన నాణేన్ని తలచుకోలేదు.

ఉద్యోగుల వైవిధ్య శిక్షణకు ఆట ఎందుకు పనికొస్తుందో ఇక్కడే తెలుస్తుంది. కులం, ఆడామగా తేడా, యాస, వైకల్యాల గురించి ఉపన్యాసం వింటే తలూపి లేచిపోతాం. ఒక్క పాచికతో గంటసేపు వెనకబడితే ఆ ఉక్రోషం స్వయంగా అనుభవంలోకి వస్తుంది. అయితే ఆట ముగిశాక జరిగే చర్చే అసలు శిక్షణ. ఓడినవారు ముందు మాట్లాడాలి. పదోన్నతులు ఎవరికి దక్కుతున్నాయో, మీటింగుల్లో ఎవరి మాట చెల్లుతోందో అప్పుడే తేల్చాలి. లేదంటే అది కాలక్షేపంగానే మిగులుతుంది.

ఈ సంచిక ఆ చర్చ కోసమే. చదవండి, మీ ఆఫీసులో నియమాలు ఎవరు రాస్తున్నారో అడగండి.

— సంపాదకుడు