ప్రశ్నలే మన ఆనవాళ్ళు

"దాచుకోవలసిందేమీ లేనివాడికి గోప్యతతో పనేమిటి?" అని అడిగే మిత్రులున్నారు. వినడానికి నిజాయితీపరుడి మాటలాగే ఉంటుంది. కానీ ఆ మాటనేవారెవరూ వైద్యుడి గది తలుపులు బార్లా తెరిచి తమ జబ్బు చెప్పుకోరు. వారు చేసిన నేరమేమీ లేదు. అయినా తలుపు మూస్తారు.

అంతర్జాలంలో వెతుకుపెట్టె కూడా అటువంటి గదే. కట్టుకున్నవారికి చెప్పని అనుమానం, కన్నవారికి చెప్పని అప్పు అక్కడ అడుగుతాం. సమాధానం లోకానిది, ప్రశ్న మాత్రం మన సొంతం.

"పేర్లు ఉంచం, అంకెలే ఉంచుతాం" అన్న అభయం విలువెంతో 2006 ఆగస్టులోనే తేలిపోయింది. అమెరికాలో ఏఓఎల్ సంస్థ సుమారు 6.5 లక్షల మంది మూడు నెలల్లో వెతికిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను పరిశోధకుల కోసమంటూ బయటపెట్టింది. పేర్లు తీసేసి మనిషికొక అంకె తగిలించింది. కొద్దిరోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక అంకె కింది ప్రశ్నలను వరసగా చదివి, జార్జియా రాష్ట్రంలోని ఒక పెద్దావిడను గుర్తుపట్టారు. ఊరు ఒక ప్రశ్నలో, ఇంటిపేరు మరొక ప్రశ్నలో దొరికాయి. సంస్థ క్షమాపణ చెప్పి దస్త్రాన్ని తొలగించేసరికే నకళ్ళు లోకమంతా పాకాయి.

అయినా చిట్టా రాయడం ఆగలేదు. 2009 డిసెంబరులో గూగుల్, లాగిన్ కానివారికి సైతం 180 రోజుల వెతుకులాటను బట్టి ఫలితాలు మార్చి చూపడం మొదలుపెట్టింది. సౌకర్యం లేదనను. 'కృష్ణ' అని కొడితే నదిని అడుగుతున్నానో, నటుణ్ణో, దేవుణ్ణో యంత్రమే గ్రహిస్తే హాయే.

"అంగడివాడు మన అభిరుచి గుర్తుంచుకోడా?" అంటారు. ఉంచుకుంటాడు. కానీ అతడి ముఖం మనకు తెలుసు. అంగడి మారితే అతడి జ్ఞాపకం మన వెంట రాదు. ఇక్కడో, ఒకచోట చూసిన చెప్పులజత పదిచోట్ల ప్రకటనై వెంటాడుతుంది.

2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. అయితే ఎవరూ చదవని షరతుల పత్రం కింద నొక్కిన మీటను సమ్మతి అని ఎలా అనగలం? చిట్టా రాయడం మొదట ఆపి ఉంచి, కావాలని మనం అడిగినప్పుడే మొదలుపెట్టాలి. ఆపుకొనే మీట ఎక్కడుందో వెతుక్కునే భారం మనమీద వేయడం అన్యాయం.

ఇంకా దాచుకోవలసిందేమీ లేదంటారా? ఈ రాత్రే మీ వెతుకులాట చరిత్ర తెరిచి, మొదటినుంచి చివరిదాకా ఇంట్లోవారికి పైకి చదివి వినిపించండి. మధ్యలో ఎక్కడైనా గొంతు ఆగితే, ఆ మాట వెనక్కి తీసుకోండి.