పాలు పొంగితే పాట ఆగాలా?

మీలో ఎంతమంది పెళ్లికి ముందు పాట నేర్చుకున్నారు? ఎంతమంది ఇప్పటికీ పాడుతున్నారు? రెండో ప్రశ్నకి తలవంచుకునేవాళ్లలో మొన్నమొన్నటిదాకా నేనూ ఉన్నాను.

ఏడేళ్లు సంగీతం నేర్చుకున్నాను. వర్ణాలు దాటి త్యాగరాజస్వామివారి పంచరత్న కీర్తనల్లో నాలుగు వచ్చాయి. కాపురానికి వచ్చిన కొత్తలో స్టవ్ దగ్గర నిలబడి ఆరభి రాగ కీర్తన పాడుకుంటుంటే పాలు పొంగిపోయాయి. "పాట తర్వాత, ముందు పాలు చూడమ్మాయీ" అన్నారు మా అత్తగారు. అంతే! ఆ ఒక్కమాట పట్టుకుని ఇరవై ఏళ్లు నోరు విప్పలేదు. ఎవరైనా అడిగితే "అత్తవారింట్లో కుదరలేదండీ" అని నిట్టూర్చేదాన్ని.

2019 జనవరిలో తంజావూరు యాత్రకి వెళ్లాం. మా అత్తగారూ వచ్చారు. అక్కడికి పదమూడు కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున తిరువయ్యూరు. 1847లో స్వామివారు సిద్ధిపొందిన పుష్య బహుళ పంచమినాడు ఏటా అక్కడ ఆరాధన జరుగుతుంది. టీవీలో చూడ్డమే గానీ ఎదురుగా కూర్చుని వినడం అదే మొదలు.

సమాధి మందిరం ముందు పెద్ద పెద్ద విద్వాంసులు వరుసలుగా కూర్చున్నారు. వెనక పందిట్లో మాలాంటివాళ్లం ఇసకేస్తే రాలనంతమంది. నాట రాగంతో మొదలైంది. ముందువాళ్లు పాడతారు, వెనకవాళ్లు వింటారు అనుకున్నాను. కాదండీ! పందిరంతా పాడుతోంది!

నా పక్కన డెబ్భై దాటిన ఒక తమిళ మామ్మగారు. మొదటి కీర్తన సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగే. ఆవిడకి తెలుగు ఒక్కముక్క రాదు. తమిళ అక్షరాల్లో అచ్చువేసిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని గొంతెత్తి పాడుతున్నారు. రెండోది గౌళ రాగం. స్వామివారు తన తప్పులన్నీ తానే ఏకరువు పెట్టుకునే కీర్తన అది. మధ్యలో మామ్మగారి గొంతు జీరపోయింది. ఆవిడ చుట్టూ చూడలేదు, సిగ్గుపడలేదు. ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, తర్వాతి స్వరం దగ్గర అందుకున్నారు.

మూడోది ఆరభి. అదే, పాలు పొంగిన పాట! నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. ఒక చరణం తప్పాను, ఇంకోచోట తాళం జారింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మామ్మగారు పుస్తకం నావైపు జరిపారు. నాకు ఆ లిపి రాదాయె! ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగోది వరాళి. గురువు ఎదుట కూర్చోబెట్టి వరాళి నేర్పకూడదని ఒక నమ్మకం, అందుకే అది నాకు రాదు. మామ్మగారి పెదవులు చూస్తూ, ఒక్కో మాట ఆలస్యంగా అందుకుంటూ వెంబడించాను. చివర శ్రీరాగం పూర్తయ్యేసరికి నా చెంపలు తడిసిపోయాయి.

బయటికి వస్తుంటే మా అత్తగారు అడిగారు. "ఇంత పాట పెట్టుకుని ఇన్నేళ్లూ పాడలేదేమమ్మాయీ?"

"మీరే కదా వద్దన్నారు" అనబోయి ఆగిపోయాను. ఆవిడ పాలు చూడమన్నారు గానీ పాట మానమనలేదు కదా! అసలు సంగతి వేరే ఉంది. ఆ నెలలోనే ఒక పేరంటంలో పాడుతుంటే నా గొంతు పైస్థాయిలో పలకలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అవమానం చెప్పుకోలేక, నెపం పాలమీదా అత్తగారిమీదా వేసి బతికేశాను.

అక్కడే బెంగుళూరు నాగరత్నమ్మగారి విగ్రహం ఉంది. సొంత డబ్బుతో, నగలతో 1920ల్లో ఆ మందిరం కట్టించిన మహాతల్లి ఆవిడ. అయినా ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆవిడ ఊరుకోలేదు. 1927లో ఆడవాళ్లను కూడగట్టి వేరుగా పాడించారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒక్కటయ్యాకే ఆడవాళ్లకి అందరితోపాటు చోటు దొరికింది. వద్దన్నా పాడిన ఆవిడ ముందు, ఎవరూ వద్దనకుండానే మానేసిన నేను నిలబడ్డాను. చేతులు జోడించడానికి కూడా సిగ్గేసింది.

పాటే కానక్కర్లేదు. కుట్టుపని, ముగ్గు, చదువు, ఏదైనా సరే. "ఇంట్లో కుదరలేదు" అని మనం అటకెక్కించినవాటిలో నిజంగా ఇంట్లోవాళ్లు ఆపినవి ఎన్ని, మన భయం ఆపినవి ఎన్ని? ఒక్కసారి నిజాయితీగా లెక్క వేసుకోండి. ఇంట్లోవాళ్లే ఆపి ఉంటే వాళ్లతో మాట్లాడండి. భయమే ఆపి ఉంటే రోజూ పావుగంట చాలు. తప్పులతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టాక నేను పాడుతున్నాను. పైస్థాయి ఇంకా సరిగ్గా పలకదు. మొన్న మళ్లీ పాలు పొంగాయి. మా అత్తగారు లేచి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చి, "ఊఁ, కానియ్యి" అన్నారు.