తెలుగులో బ్యాండు లేదా? వినే చెవులు లేవా?

"తెలుగులో రాక్ బ్యాండు ఒక్కటీ లేదు బాస్". అమీర్‌పేట మెట్రోలో రైలు మారే లోపు ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. అనేవాడి చెవిలో కోల్డ్‌ప్లే, వీపు మీద కంపెనీ ఇచ్చిన బ్యాగు. ఒళ్ళు మండుతుంది.

లేకపోవడమేంటండీ? చౌరస్తా లేదూ? 2018 లో "ఊరెల్లిపోతా మామా" వచ్చినప్పుడు మన ఆఫీసుల్లో లంచ్ టేబుళ్ళ దగ్గర అది కూనిరాగం తీయనివాడెవడు? పల్లె బాణీ, రెగే గిటారు... రెగే కిటుకు తెలిసిందే కదా, గిటారు దెబ్బ తాళం మీద పడదు, తాళానికీ తాళానికీ మధ్యన పడుతుంది. మన యాస సరిగ్గా ఆ సందులో ఇమిడిపోయింది. "అది ప్యూర్ రాక్ కాదు" అనే మేధావులకో దణ్ణం. బిరియానీ ఇరాన్‌దా మనదా అని తేల్చుకునే తింటున్నారా?

ఇంకో వాదన ఉంది. తెలుగు అజంతభాష, మాటలన్నీ అచ్చులతో అయిపోతాయి, రాక్‌కి కావల్సిన విరుపు రాదుట. నా బొంద! అచ్చుంటేనే కదా చివరి అక్షరాన్ని పట్టుకుని గొంతు చించుకునేది. మన భాషని దేనితో పోల్చుకుని మురిసిపోతామో ఆ ఇటాలియన్‌లో అవే అచ్చులతో ఒపేరాలు పాడారు. బెంగాలీలో ఫాసిల్స్ 1998 లోనే మొదలైంది, మలయాళంలో అవియల్ 2008 లోనే ఆల్బమ్ తెచ్చింది. భాష మీదకి నెట్టకండి మహాప్రభో.

అసలు రోగం వేరే. మనకి పాటంటే సినిమా. రామ్ మిరియాల చౌరస్తాలో పాడుతున్నప్పుడు పాట పాడుకున్నాం గానీ పాడేదెవరని అడిగినవాళ్ళు ఎంతమంది? 2021 లో జాతిరత్నాలు "చిట్టి" పాడాక, 2022 లో డీజే టిల్లు టైటిల్ సాంగు కట్టి పాడాక ఊరంతా ఫ్యాన్సే. సినిమావాళ్ళు మంచి గొంతుని పట్టుకున్నారు, వాళ్ళననేదేం లేదు. ఆయన్నీ అనను, అద్దెలు కట్టుకోవాలి కదా. సినిమా స్టాంపు పడేదాకా దాన్ని సంగీతంగా లెక్కపెట్టని మనల్ని అంటున్నా.

ఆ మధ్య ఒక కంపెనీ (పేరెందుకు లెండి, నేనూ జీతం తీసుకున్నా) యాన్యువల్ డేకి కుర్ర బ్యాండుని పిలిచింది. సొంత పాటలు రెండు కూడా అవలేదు, ముందు వరసలోంచి చీటీ వెళ్ళింది: "సినిమా పాటలు వేయండి". పాడే కుర్రాడు చీటీ చదివి, ఓ నవ్వు నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడో పాట సినిమాదే. హాలంతా ఈలలు :(

పంజాగుట్ట నుంచి లామకాన్ ఎంత దూరమని? 2010 నుంచీ ఉంది, చాయ్ సమోసా కూడా దొరుకుతాయి. రవీంద్రభారతి ఖైరతాబాద్ పక్కనే. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్నుకి తగలేసే డబ్బుల్లో ఒక టికెట్టు కొనండి. వెళ్ళి, చీటీలు పంపకుండా సొంత పాటలన్నీ వినండి. నచ్చకపోతే ఆ కుర్రాళ్ళ మొహం మీదే చెప్పండి, సంతోషిస్తారు. అప్పటిదాకా "తెలుగులో లేదు బాస్" అన్నవాడికి నా లెక్కలో ఇరానీ చాయ్ బంద్.