కరెంటు తీగ లేని చోట రైలును ఎవరు లాగాలి?

దేశంలోని బ్రాడ్‌గేజ్ రైలు మార్గాలన్నిటినీ విద్యుదీకరించాలని కేంద్ర మంత్రివర్గం 2018 సెప్టెంబరులో నిర్ణయించింది. అప్పటికి మిగిలిన 13,675 కిలోమీటర్లకు రూ.12,134 కోట్లు ఖర్చవుతుందని అంచనా. ఆ పని ఇప్పుడు దాదాపు ముగింపుకు వచ్చింది. బరంపురం, బళ్లారి, హోసూరు, షోలాపూరు... మనవాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఈ ఊళ్ల మీదుగా ఇవాళ కరెంటు రైళ్లే తిరుగుతున్నాయి.

ప్రయాణికులకు ఇది మేలే. ఇదివరకు తీగ ఎక్కడ ఆగిపోతే అక్కడ బండి ఆగి ఇంజను మార్చుకునేది. లేదా తీగ ఉన్న దారిలో కూడా డీజిల్ ఇంజనే లాక్కుపోయేది. ఆ బాధ తగ్గింది.

అలాగని డీజిల్ అవసరం తీరిపోలేదు. క్రేన్లతో, జేసీబీలతో పైనుంచి సరుకు ఎత్తి దించే గూడ్స్ లైన్ల మీద తీగ వేలాడితే ప్రమాదం. అలాంటి చోటికి కరెంటు ఇంజను పోలేదు. వ్యాగన్లను లోపలికి తోయడానికి మరో డీజిల్ ఇంజను కాచుకుని ఉండాలి. ఇక మన తూర్పు తీరానికి తుఫాను భయం ఎప్పుడూ ఉన్నదే. 2014లో హుద్‌హుద్ విశాఖను, 2018లో తిత్లీ శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాలను, 2019లో ఫణి పూరీని ఎలా కుదిపేశాయో చూశాం. స్తంభాలు ఒరిగి తీగలు తెగితే, పట్టాలు బాగున్నా కరెంటు ఇంజను కదలదు. సహాయ సామగ్రి రావాల్సింది సరిగ్గా అప్పుడే.

దీనికి కొన్ని దేశాలు కనుక్కున్న దారి రెండు శక్తులతో నడిచే ఇంజను. నిజానికి మన డీజిల్ ఇంజన్లలో ఎక్కువ వాటి చక్రాలను తిప్పేది కూడా విద్యుత్ మోటార్లే. లోపలి డీజిల్ యంత్రం కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు మోటార్లకు వెళ్తుంది. కాబట్టి తీగ ఉన్నప్పుడు తీగ నుంచి, లేనప్పుడు డీజిల్ నుంచి అవే మోటార్లకు కరెంటు అందించవచ్చు. బ్రిటన్‌లో 1962లో వచ్చిన క్లాస్ 73 ఇంజను కరెంటుతో 1,600, డీజిల్‌తో 600 హార్స్‌పవర్ ఇచ్చేది. అక్కడే 2017 నుంచి నడుస్తున్న క్లాస్ 88కు తీగ కింద 4,000 కిలోవాట్ల బలం ఉంటే, డీజిల్ మీద 700 కిలోవాట్లే. ప్రధాన మార్గమంతా కరెంటుతో నడిచి, చివరి కొద్ది దూరం డీజిల్‌తో పోవడానికి ఆ మాత్రం చాలు.

ముంబయిలో చాలాకాలం నడిచిన డబ్ల్యూసీఏఎం ఇంజన్లను దీనితో కలపకూడదు. అవి 1,500 వోల్టుల డీసీ, 25,000 వోల్టుల ఏసీ రెండిటి మీదా నడిచేవి. కానీ తీగ లేకుండా ఒక్క అడుగు వేయలేవు. జబల్‌పూర్‌లో 2020లో తయారైన ‘నవదూత్’ షంటింగ్ ఇంజను ఈ దారిలో మనవాళ్లు వేసిన అడుగు. అందులో తీగకు తోడుగా డీజిల్ బదులు బ్యాటరీ ఉంటుంది.

ప్రతి ఇంజనూ ఇలాంటిదే కావాలనడం మాత్రం దుబారా. ఒకే పెట్టెలో ట్రాన్స్‌ఫార్మరు, డీజిల్ యంత్రం, ఇంధన ట్యాంకు ఇమడ్చాలి. బరువు పెరుగుతుంది, మరమ్మతుల పనీ పెరుగుతుంది. తీగ ఉన్న ప్రధాన మార్గంలో ఆ అదనపు బరువును రోజూ ఊరికే మోయాలి.

మరేం చేయాలి? విపత్తుల కోసం కొన్ని డీజిల్ ఇంజన్లు ఉంచుకుంటామని రైల్వేశాఖ చెబుతూ వచ్చింది. మడౌరా కర్మాగారం నుంచి వెయ్యి డీజిల్ ఇంజన్లకు 2015లోనే ఒప్పందం కుదిరింది కాబట్టి ఇప్పటికిప్పుడు కొరత లేదు. ఎక్కడ ఉంచుతారన్నదే ప్రశ్న. ఉత్తర భారతంలోని షెడ్డులో ఉన్న ఇంజను బరంపురానికి తుఫాను రాత్రి అక్కరకు రాదు. అందుకే తీరానికి దగ్గర్లోని షెడ్లలో, డ్రైవర్లతో సహా, కొన్ని డీజిల్ ఇంజన్లు సిద్ధంగా ఉండాలి. అవి పాతబడి తుక్కుకు పోయే రోజుకు, చిన్న డీజిల్ యంత్రమో బ్యాటరీయో ఉన్న కరెంటు ఇంజన్లు వాటి చోటుకు రావాలి. మన ఎంపీలను, ప్రయాణికుల సంఘాలను అడగాల్సింది ఇదే: మా ఊరికి దగ్గర్లో తీగ అక్కర్లేని ఇంజను ఎక్కడుంది, ఎన్ని గంటల్లో రాగలదు?