మర్దన మేలు చేస్తుంది, మహిమలు చేయదు

పండుగనాటి తలంటు, పెళ్లింటి నలుగు, కాళ్లపై పడుకోబెట్టుకొని పసిబిడ్డ ఒంటికి నూనె పట్టించడం: ఇవన్నీ మనకు తరతరాల అలవాట్లు. ఇంత చక్కని సంప్రదాయానికి నేడు ఇద్దరు అపకారం చేస్తున్నారు. అదంతా వట్టి నమ్మకమని కొట్టిపారేసేవారు ఒకరు; సర్వరోగాలనూ కుదురుస్తుందని బోర్డు కట్టేవారు మరొకరు. ఇద్దరిలో రెండవవారే ప్రమాదకారులని నా వాదం.

ముందుగా మొదటివారికి సమాధానం. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పది రోజులపాటు, రోజుకు మూడుసార్లు ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ మృదువుగా ఆడించింది. మర్దన పొందని శిశువులకంటే వారి బరువు రోజుకు 47 శాతం అధికంగా పెరిగింది. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక్క కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేశారు. రెండు కాళ్ల కండరాలనూ పరీక్షించగా, మర్దన పొందిన కాలిలో వాపును ప్రేరేపించే సంకేతాలు తక్కువగా కనిపించాయి. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్, కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మాత్రలకంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో కాపడంతోపాటు మర్దననూ చేర్చింది. మరి దీన్ని మూఢాచారమని ఎలా అనగలం?

ఇక రెండవవారి సంగతి. మర్దనతో ఒంట్లోని విషాలన్నీ బయటకు పోతాయని వారి ప్రచారం. అదే మెక్‌మాస్టర్ పరిశోధనలో కండరాలలోని లాక్టిక్ ఆమ్లం మర్దనవల్ల ఏమాత్రం తగ్గలేదు. వ్యర్థాలను తొలగించే పని కాలేయానిది, మూత్రపిండాలది, చేతివేళ్లది కాదు. ఈ అబద్ధాన్ని నమ్మితే పోయేది డబ్బే. పక్షవాతం విషయంలో పోయేది మనిషి.

మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడిన మనిషిని నేటికీ నూనె మర్దనకు, పావురం రక్తం రుద్దించడానికి తీసుకుపోయేవారున్నారు. పడిపోయింది చేయే అయినా, జబ్బు చేతిలో లేదు. మెదడులో రక్తనాళం పూడుకుపోయింది, లేదా చిట్లింది. పూడుకుపోయినప్పుడు గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా 4.5 గంటలలోపే ఇవ్వాలి. మర్దనకోసం వెచ్చించిన పూట మళ్లీ తిరిగి రాదు. “మర్దనతో లేచి నడిచినవారు లేరా?” అని మీరు అడగవచ్చు. ఉన్నారు. పక్షవాతం తరువాత మెదడు కొంతవరకు తనంతట తానే కోలుకుంటుంది. కీర్తి మాత్రం మర్దన చేసినవారికి దక్కుతుంది.

మరో రెండు హెచ్చరికలు. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడుతుంటే, దాన్ని పిసకనివ్వకండి. లోపలి సిరలో గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. క్షవరం తరువాత మెడను విరిచి “టక్కు”మనిపించడం మర్దన కాదు. మెదడుకు రక్తం మోసే ధమని చీలే ప్రమాదం అందులో ఉంది.

కాబట్టి అలసటకు, కండరాల నొప్పికి, మనసు నెమ్మదించడానికి నిస్సంకోచంగా మర్దన చేయించుకోండి. పక్షవాతానికి మాత్రం నూనె గిన్నె పక్కన పెట్టి, 108కి ఫోన్ చేయండి.