ఇయర్‌బడ్స్‌కు బ్యాటరీ మూత పెట్టించండి



నేను బయ్యారంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. మిరపకాయలు ఏరిన కూలి డబ్బుతో కొనుక్కున్న ఇయర్‌బడ్స్‌ను పిల్లలు ఏడాది, ఏడాదిన్నరకే నా దగ్గరికి తెస్తున్నారు. “అన్నా, ఎడమది అరగంటకే బందవుతోంది” అంటారు. చూస్తే స్పీకరు, మైకు బాగానే ఉంటాయి, బ్లూటూత్ కలుస్తుంది. పోయింది బ్యాటరీ ఒక్కటే.

లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగులకు బలహీనపడుతుంది. బడ్‌లో ఉండేది మరీ చిన్నది, చాలావాటిలో 30 నుంచి 60 ఎంఏహెచ్. పాటలు, ఫోన్లు ఎక్కువైతే రోజుకు రెండు మూడుసార్లు ఛార్జింగ్ డబ్బాలో పెట్టాల్సిందే. అరిగిపోతుందని తెలిసి కూడా కంపెనీలు దాన్ని జిగురుతో అతికించిన పెంకులో బిగిస్తున్నాయి. బ్లేడు పెట్టి విప్పబోతే పెంకు పగులుతుంది, లేదా లోపలి సన్నటి రిబ్బన్ తెగుతుంది. ఎలాగో మార్చినా ఖర్చు కొత్త జత ధరకు దగ్గరవుతుంది. అదే వైరు ఇయర్‌ఫోన్లకు పిన్ను దగ్గర తెగితే కోసి, సోల్డరింగ్ చేసి చేతికిచ్చేవాళ్లం.

ఇంత చిన్నదానికి మూత కుదరదంటే నేను ఒప్పుకోను. వినికిడి యంత్రంలో వాడే 10 సైజు బ్యాటరీ అడ్డంగా 6 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పెద్దవాళ్లు మూతను గోటితో తీసి తామే మార్చుకుంటారు. అది ఛార్జింగ్ బ్యాటరీ కాదంటారేమో, మరి నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ 2024లో తెచ్చిన ఫెయిర్‌బడ్స్ సంగతేమిటి? వాటిలో బడ్ బ్యాటరీనీ, డబ్బా బ్యాటరీనీ కొన్నవాళ్లే మార్చుకోవచ్చు.

చచ్చిన బడ్స్ ఇప్పుడు పొడి చెత్తలో పడి పంచాయతీ ట్రాక్టర్ ఎక్కుతున్నాయి. లిథియం సెల్ నలిగితే అంటుకుంటుంది, చెత్త ఎత్తే కార్మికుల చేతులకే ఆ ముప్పు. పాత బ్యాటరీల బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో మా ఊళ్లో వాటిని అప్పజెప్పే చోటే కనిపించదు.

చిన్న పరికరాల బ్యాటరీలను, కొద్ది మినహాయింపులతో, వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని యూరప్ 2023లో చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అది అమలవుతుంది. మన కేంద్రం కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. పోర్టల్‌తో ఆగకుండా, ఇక్కడ అమ్మే ప్రతి ఇయర్‌బడ్‌కూ విప్పగలిగే మూత ఉండాలని, వారంటీ ముగిశాక కూడా విడి బ్యాటరీ దొరకాలని, దాని ధర అట్టపెట్టె మీదే అచ్చువేయాలని నిబంధన తేవాలి.

– ఒక సెల్‌ఫోన్ మెకానిక్, బయ్యారం, మహబూబాబాద్ జిల్లా